హనుమకొండలో రిహార్సల్ హాల్ వెతుకుతున్నవాళ్ల కోసం

నాటకాలు వేసేవాళ్లకు, డాన్స్ టీములకు మన దగ్గర స్టేజీ ఇప్పుడు అంత కరువేమీ కాదు. కాళోజీ కళాక్షేత్రం 2024 నవంబరులో తెరిచారు, నేరెళ్ల వేణుమాధవ్ కళాప్రాంగణం అంతకు ముందు నుంచే ఉంది. దొరకనిదల్లా ఆ స్టేజీ ఎక్కేముందు తీరిగ్గా ఆడి చూసుకునే చోటు. అపార్ట్‌మెంట్ సెల్లారు, స్కూలు వరండా, పెళ్లిళ్లు లేని పూట ఫంక్షన్ హాలు, ఏళ్ల తరబడి మా బృందం వీటితోనే నెట్టుకొచ్చింది. అందుకే నక్కలగుట్ట వైపు, మెయిన్ రోడ్డు నుంచి కొంచెం లోపలికి ఉన్న ఈ అద్దె హాల్ గురించి కాస్త వివరంగానే రాస్తున్నాను. మా కొత్త నాటిక మొత్తం ఇక్కడే తయారైంది.

ఫోన్ చేయగానే వాళ్లు అడిగేది ఒకటే: ప్రాక్టీసా, రిహార్సలా? రోజూ మాట్లాడుకునేటప్పుడు మనం రెంటినీ కలిపేస్తాం గానీ ఇక్కడ గది, రేటు రెండూ దాన్ని బట్టే మారతాయి. ప్రాక్టీస్ అంటే చిన్న గది, గంటకు 150, ఎన్నిసార్లయినా ఆపి మళ్లీ మొదలుపెట్టుకోవచ్చు. రిహార్సల్ అంటే పెద్ద హాల్, గంటకు 350, కనీసం మూడు గంటలు తీసుకోవాలి. మొదట్లో ఇది డబ్బుల కోసం పెట్టిన షరతేమో అని మావాళ్లలో కొందరికి అనిపించింది కానీ, గంటసేపు నడిచే నాటికను ఒకసారి మొదటి నుంచి చివరిదాకా ఆడి, తప్పులు మాట్లాడుకుని, మళ్లీ ఇంకోసారి ఆడాలంటే మూడు గంటలు పట్టే తీరుతుంది.

నిజానికి ఇంగ్లీషులో ఈ రెండు క్రియలకూ ఉన్న తేడా కూడా ఇదే. ప్రాక్టీస్ చేసేది విద్యను, అంటే తబలా, బౌలింగ్, గొంతు సాధన. రిహార్స్ చేసేది ఫలానా రోజు జనం ముందు పెట్టబోయే ఫలానా ప్రదర్శనను. నాటకాన్ని రిహార్స్ చేస్తారు, రిపబ్లిక్ డే పరేడ్‌ను చేస్తారు, పెళ్లి సంగీత్ డాన్సును చేస్తారు, రేపు ఇంటర్వ్యూలో చెప్పాల్సిన జవాబును మనసులోనే ఒకటికి రెండుసార్లు అనుకున్నా దానికీ అదే మాట వాడతారు. ఫుట్‌బాల్‌ను మాత్రం ఎవరూ రిహార్స్ చేయరు. ఆ క్రియ పాత ఫ్రెంచి నుంచి వచ్చింది, దాని మూలార్థం మళ్లీ గుంటుక తోలడం. దున్నిన చేనులో పెడ్డలు పగిలేదాకా తిరిగి తిరిగి తోలినట్టే, మా నాటికలో రెండో రంగాన్ని ఈ హాల్లో తోలుతూనే ఉన్నాం.

ఇక హాల్ సంగతి. నాకు అన్నింటికంటే నచ్చింది నేల మీది తెల్ల టేపు. మీరు ఏ స్టేజీ మీద వేయబోతున్నారో దాని వెడల్పు, లోతు చెబితే, అక్కడ చూసుకునే అన్న మీరొచ్చేలోపు అదే కొలతకు టేపు అంటించి పెడతాడు. వింగులు, అంటే నటులు తమ వంతు వచ్చేదాకా నిలబడే స్టేజీ పక్క చోట్లు ఎక్కడ, మైకులు ఎక్కడ, తెర పడేది ఎక్కడ, అన్నీ గీతలే. స్కూలు వరండాలో చేసినప్పుడు అడుగులు చిన్నవైపోతాయి, అసలు స్టేజీ ఎక్కాక సోఫా దగ్గర నుంచి తలుపు దాకా నడవడానికి ఆ డైలాగు సరిపోదు, మధ్యలో ఒక మౌనం వచ్చి కూర్చుంటుంది. ఇక్కడ ఆ లెక్క ముందే తేలిపోయింది. తండ్రి పాత్ర వేసిన మా సీనియర్ నటుడు ఒక మాటను రెండడుగులు ఆలస్యంగా మొదలుపెట్టి మొత్తం సీను నిలబెట్టారు.

రెండోది అద్దం. ఒక గోడ మొత్తం అద్దమే, దాని ముందు నల్ల తెర ఉంది. డాన్సు వాళ్లకు అద్దం కావాలి, చెయ్యి ఎంత లేచింది, వరస కుదిరిందా లేదా చూసుకోవాలి కదా. కానీ నాటకం వాళ్లకు అది శత్రువు, ఎదుటి పాత్రను చూడాల్సిన కళ్లు తమను తాము చూసుకోవడం మొదలుపెడతాయి. ప్రదర్శన వారంలోకి వచ్చేసరికి ఆ అన్నే వచ్చి, “ఇగ తెర వేసేద్దామా అన్నా, ఆడ అద్దం ఉండదు గదా” అన్నాడు. ఎంతమంది టీములను చూస్తే ఆ మాట వస్తుంది! డాన్సు పిల్లలకు కూడా చివరి రోజుల్లో ఇదే చేస్తారట, అది ఇంకా మంచి పని.

నేల చెక్కది, కింద కొంచెం గాలి ఉండేలా వేశారు. మా తర్వాత స్లాటులో పేరిణి నేర్చుకునే పిల్లలు వస్తారు. కాకతీయుల కాలపు జాయప సేనాని రాసిన నాట్యగ్రంథం నృత్తరత్నావళిలో ఉన్న ఆ నాట్యాన్ని నాట్యాచార్యులు నటరాజ రామకృష్ణ గారు మళ్లీ బతికించారు, రామప్ప గుడి శిల్పాలు చూసినవాళ్లకు ఆ భంగిమలు తెలిసే ఉంటాయి. అది వీరుల నాట్యం, అడుగు పడితే నేల అదరాలి. గ్రానైటు బండల మీద రోజూ అలా అడుగులేస్తే మోకాళ్లు ఏం కావాలి? పైగా హాల్ గ్రౌండ్ ఫ్లోరులోనే ఉంది కాబట్టి గజ్జెల చప్పుడుకు కింద ఇంటివాళ్లు పైకొచ్చి గొడవపడే సమస్యే లేదు.

పౌరాణికాలు, చిందు యక్షగానం వేసేవాళ్లు డ్రెస్ రిహార్సల్‌కు తప్పకుండా ఇక్కడికి రండి. తలుపు బాగా వెడల్పు, కిరీటం, భుజకీర్తులు పెట్టుకున్న మనిషి పక్కకు తిరగకుండా నేరుగా నడిచి రావచ్చు. మేకప్ గది చిన్నదే కానీ వెలుతురు బాగుంది.

లోపాలూ ఉన్నాయి, చెప్పాలి. కరెంటు పోతే ఇన్వర్టరు లైట్లకు, ఫ్యాన్లకే, స్పీకర్లకు కాదు. ఒక సాయంత్రం మా మ్యూజిక్ మొత్తం ఆగిపోతే మిగతాది హార్మోనియంతో లాగించాం. ప్రాక్టీస్ గదికీ హాల్‌కూ మధ్య గోడ పల్చన, పక్కన జుంబా బ్యాచ్ ఉంటే మీ విషాద సీను గతి అంతే. ఏడు గంటల స్లాటు తీసుకునేముందు పక్క గదిలో ఎవరున్నారో అడగండి. కార్లకు చోటు లేదు, బైకులు పడతాయి. టాయిలెట్లు శుభ్రంగా ఉన్నాయి, ఆడపిల్లలతో వచ్చేవాళ్లకు ఇది ముఖ్యం.

రిహార్సల్ స్లాటులో ఫోన్లన్నీ బయట పెట్టెలో పెట్టమంటారు. కుర్రాళ్లు గునిసారు. నేను మాత్రం ఈ నియమాన్ని మనస్ఫూర్తిగా సమర్థిస్తాను, వింగులో నిలబడి ఫోన్ చూసుకునేవాడు తన ఎంట్రీ ఎప్పుడూ ఒక క్షణం ఆలస్యంగానే వేస్తాడు. కాకపోతే డైలాగు మరిచిపోతే పక్క నుంచి అందించే ప్రాంప్టరు చేతిలో స్క్రిప్టు కాగితం మీద ఉండాల్సిందే, ప్రింటు తీసుకుని వెళ్లండి.

దసరా ముందు బతుకమ్మ టీములు, జనవరిలో స్కూలు వార్షికోత్సవాల వాళ్లు హాల్‌ను ఆక్రమించేస్తారు. ఆ నెలల్లో కావాలంటే మూడు వారాల ముందే ఫోన్ చేసి సగం అడ్వాన్సు కట్టండి, స్టేజీ కొలతలు కూడా అప్పుడే చెప్పేయండి.