హైదరాబాద్ విమానం: శ్రీకాకుళం వాళ్లకు గంటంబావు కాదు

విశాఖ–హైదరాబాద్ విమానంలో కొన్నేళ్లుగా తిరుగుతున్నాను. టికెట్ ధరలు, సీట్లు, సామాను బరువు అందరికీ తెలిసినవే. నా కోపమంతా బుకింగ్ యాప్‌లో కనిపించే '1 గంట 15 నిమిషాలు' మీద.

గాల్లో దూరం సుమారు 510 కిలోమీటర్లు. ఎగిరేది గంటలోపే, మిగతాది రన్‌వే మీద పోయే సమయం. అంతవరకు లెక్క సరైనదే. కానీ మా ప్రయాణం శ్రీకాకుళం డే అండ్ నైట్ జంక్షన్‌లో మొదలవుతుంది. రణస్థలం, భోగాపురం దాటి, ఆనందపురంలో పెందుర్తి వైపు తిరిగి, విశాఖలోని ఎన్ఏడీ కూడలి ట్రాఫిక్‌లోంచి బయటపడేసరికి రెండున్నర గంటలు. బయల్దేరడానికి గంట ముందే కౌంటర్ మూసేస్తారు కాబట్టి ఇంకా ముందే ఉండాలి. అవతల శంషాబాద్ నుంచి కూకట్‌పల్లికి గంటన్నర. మొత్తం ఏడు గంటలు. ఆమదాలవలసలో రైలెక్కితే పదమూడు, పద్నాలుగు గంటలు పట్టినా రాత్రంతా పడుకోవచ్చు.

ఆ ఏడు గంటలైనా నమ్మకంగా ఉంటాయా అంటే, అదీ లేదు. వానాకాలంలో ఓ సాయంత్రం అమ్మను తీసుకుని తిరిగి వస్తున్నాను. ఆవిడకు మోకాళ్ల నొప్పులు, అందుకే విమానం. విశాఖ దగ్గరికొచ్చాక కిందకి దిగడం ఆగింది. సముద్రం మీద చుట్లు కొట్టడం మొదలైంది. మబ్బు విడిపోయినప్పుడు హార్బర్ బయట లంగరేసిన ఓడలు, వాటి దీపాలతో సహా కనిపించాయి. ఊరు అంత దగ్గర! అరగంట దాటాక, వర్షం వల్ల దిగలేమని, హైదరాబాద్‌కే వెనక్కి వెళ్తున్నామని పైలట్ చెప్పాడు.

శంషాబాద్‌లో దిగాక అమ్మ అయోమయంగా చూసింది. "ఒరే, ఇందాక ఎక్కిన చోటికే వచ్చీసినాం కదరా."

పైలట్ చేసింది సరైనదే, ప్రాణాలకంటే ఏదీ ఎక్కువ కాదు. నా బాధ ఆ తర్వాత జరిగిన దాని గురించి. ఎక్కేటప్పుడు ఎంతో మర్యాదగా వచ్చిన వీల్‌చైర్ రాత్రి ఎంత అడిగినా రాలేదు. కౌంటర్‌లో డబ్బు వాపసు లేదా మర్నాటి సీటు అన్నారు, బస ఊసే లేదు. వాతావరణం కారణమైతే నష్టపరిహారం ఇవ్వనక్కర్లేదని విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ నిబంధన ఉంది. కానీ నడవలేని పెద్దావిడకు కుర్చీ తేవడానికి ఏ నిబంధన అడ్డం? అమ్మ కాళ్లు వాచిపోయాయి.

ఇదంతా పాత విశాఖ విమానాశ్రయం నుంచి తిరిగిన అనుభవం. భోగాపురంలోని కొత్త విమానాశ్రయంలో ఎక్కితే మాకు రోడ్డు దాదాపు సగం తగ్గుతుంది, అప్పుడు లెక్క వేరు. ఒక్కణ్నే అయితే మాత్రం నేను రైలుకే వెళ్తాను. మోకాళ్ల నొప్పులతో అమ్మకు రైల్లో అంతసేపు కష్టం కాబట్టి ఆవిడతో విమానమే. అదీ పొద్దున్నది. వానాకాలంలో ఉరుముల మబ్బులు ఎక్కువగా మధ్యాహ్నం దాటాకే లేస్తాయి.