హోండా ఏటీసీ 200ఎక్స్ ముందు ఫోర్కులు: ఏళ్ల తరబడి వాడాక

ఈ మూడు చక్రాల బండి (ట్రైక్) ఇంజిన్ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. 192 సీసీ, ఫోర్‌స్ట్రోక్, అయిదు గేర్లు, కిక్ స్టార్ట్. వేళకి ఆయిల్ మారిస్తే సతాయించదు. నాది 1984 మోడల్. నేనుండేది మిషిగన్‌లో, డెట్రాయిట్ శివారులో. వేసవిలో సిల్వర్ లేక్ ఇసుక దిబ్బల మీద, ఆకులు రాలే కాలంలో ఉత్తరాన అడవి బాటల్లో తిప్పుతాను. "మూడు చక్రాల బండా? పల్టీ కొట్టదూ?" అని అడగని తెలుగువాళ్లు ఇక్కడ లేరు. కొడుతుంది. ఎప్పుడు కొడుతుందన్నది మాత్రం చాలావరకు ముందు ఫోర్కుల సెట్టింగ్‌ని బట్టి ఉంటుంది. అందుకే ఈ సమీక్షంతా ఫోర్కుల గురించే.

హోండా 1970లో అమెరికాలో దించిన తొలి ట్రైక్‌కి సస్పెన్షనే లేదు. తర్వాత ఏటీసీ90గా పేరుపడ్డ ఆ బండిలో గతుకుల్ని మింగే పని మొత్తం బెలూన్ టైర్లదే. 1981లో వచ్చిన 250ఆర్, 1983లో వచ్చిన 200ఎక్స్ లాంటి వాటితోనే ముందు టెలిస్కోపిక్ ఫోర్కు, వెనక మోనోషాక్ (ఒకే షాక్ అబ్జార్బర్) ఉన్న వేగమైన ట్రైకులు జనంలోకి వెళ్లాయి. ఫోర్కు లేని పాత బండి కూడా నడిపాను. ఎగరేసి కొడుతుంది, నడుము పడుతుంది, కానీ దాని స్టీరింగ్ కోణం ఎప్పుడూ ఒక్కలాగే ఉంటుంది కాబట్టి మలుపులో ఏం చేస్తుందో ముందే తెలిసిపోతుంది. ఫోర్కు వచ్చాక సుఖం వచ్చింది. దాంతోపాటు బ్రేకు వేసిన ప్రతిసారీ స్టీరింగ్ కోణం మారే తలనొప్పీ వచ్చింది.

మన ఆటోకీ ముందు ఒకటే చక్రం, వెనక రెండు. కానీ ఆటోలో డిఫరెన్షియల్ ఉంటుంది, మలుపులో వెనక చక్రాలు వేర్వేరు వేగాలతో తిరుగుతాయి. ట్రైక్‌లో అది లేదు. రెండు వెనక చక్రాలూ ఒకే ఇనుప యాక్సిల్‌కి బిగించి ఉంటాయి, రెండూ ఒకే వేగంతో తిరగాల్సిందే. అందుకే బండి ఎప్పుడూ నేరుగా పోవాలనే చూస్తుంది. తిరగాలంటే లోపలి వెనక టైరు జారాలి. బయటి ఫుట్‌పెగ్ మీద బరువు వేసి, ఒళ్లు లోపలికి వాల్చి, థ్రాటిల్‌తో వెనక భాగాన్ని జార్చడం అందుకే. ఈ లోగా ముందు టైరు నేలను పట్టుకుని ఉండాలి. అది పట్టు వదిలితే హ్యాండిల్ పూర్తిగా తిప్పినా బండి చెట్టు వైపే పోతుంది.

ఫోర్కులు గట్టిగా చేస్తే బండి పక్కకి ఒరగదని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. ముందు ఉన్నది ఒక్క చక్రం, అది పక్కకి ఒరగడాన్ని ఆపలేదు. ఆ భారమంతా వెనక రెండు చక్రాలదే. మూడు టైర్లు నేలను తాకే చోట్లను కలిపితే వెనక వెడల్పుగా, ముందు మొనతేలి ఉండే త్రిభుజం వస్తుంది. బ్రేకు వేస్తే బరువు ఆ ఇరుకైన మొన వైపు వస్తుంది, పక్కకి పడకుండా ఆపే చోటు తగ్గిపోతుంది. ఇది ఏ ఫోర్కూ ఆపలేని సంగతి. మెత్తటి ఫోర్కు దీన్ని ఇంకా చెడగొడుతుంది. మూతి దిగుతుంది, స్టీరింగ్ కోణం నిటారుగా మారుతుంది, ట్రయల్ (స్టీరింగ్ ఇరుసు గీత నేలను తాకే చోటికీ, టైరు తాకే చోటికీ మధ్య దూరం, హ్యాండిల్‌ని నేరుగా ఉంచేది ఇదే) తగ్గుతుంది. సరిగ్గా అప్పుడే హ్యాండిల్ తేలికై చురుగ్గా లోపలికి తిరిగిపోతుంది. దిబ్బ దిగుతూ మలుపు తిప్పేటప్పుడు, ముందు బ్రేకు మీద వేలు ఉంటే, బండి పల్టీ కొట్టేది ఇలాగే.

మరీ గట్టిగా చేసినా చిక్కే. మూతి దిగదు, ముందు టైరు మీద బరువు పడదు, ఇసుకలో బండి నేరుగా దున్నుకుంటూ పోతుంది. ఈ రెండింటి మధ్య ఎక్కడో ఆగాలి.

ఆ చోటు వెతకడానికి మొదట అందరూ పట్టుకునేది గాలి. ఫోర్కు పైమూతల మీద వాల్వులున్నాయి కదా అని పంపు తగిలిస్తారు. ఒక్కో ఫోర్కులో గాలికి ఉన్న చోటు చాలా కొంచెం. మామూలు టైరు గేజి పెట్టి తీసేసరికే అందులో చాలా గాలి బుస్సుమని పోతుంది. గేజి చూపించిన అంకె ఒకటి, లోపల మిగిలింది ఇంకొకటి. రెండోసారి కొలిస్తే మరో అంకె. తక్కువ ఒత్తిడి చూపే షాక్ పంపు కొనుక్కోండి. ముందు చక్రం గాల్లో ఉండేలా బండిని ఎత్తి, చల్లగా ఉన్నప్పుడు, రెండు వైపులా సమానంగా పెట్టండి. మాన్యువల్‌లో ఇచ్చిన గరిష్ఠం దాటొద్దు. నడుస్తున్న కొద్దీ వేడికి ఒత్తిడి పెరుగుతుంది, ఆయిల్ కారకుండా ఆపే పాత సీళ్లు దానికి తట్టుకోవు. నేను చివరికి గాలి పూర్తిగా వదిలేశాను, ఫోర్కు స్ప్రింగుల మీద కొంచెం పొడుగాటి స్పేసర్లు (స్ప్రింగును ముందే కాస్త నొక్కి ఉంచే గొట్టం ముక్కలు) వేశాను.

నిజంగా తేడా తెచ్చింది ఆయిల్ మట్టం. స్ప్రింగు తీసి, ఫోర్కును పూర్తిగా కిందికి నొక్కి, పై అంచు నుంచి ఆయిల్ దాకా స్కేలుతో కొలవాలి. ఒక సెంటీమీటరు పెంచాను, అంతే. ఆయిల్ పెరిగితే పైన గాలికి చోటు తగ్గుతుంది. ఫోర్కు కిందికి దిగే దూరంలో మొదటి సగం దాకా ఎప్పట్లా మెత్తగానే ఉంటుంది, చివరికొచ్చేసరికి గట్టిపడుతుంది. మూతి కొంచెం దిగి ఆగుతుంది, అడుక్కి వెళ్లి కొట్టుకోదు.

చిక్కటి ఆయిల్ వేస్తే ఇదే ఫలితం వస్తుందనే వాళ్లున్నారు. 15డబ్ల్యూ (అంకె పెరిగే కొద్దీ ఆయిల్ చిక్కన) వేసి చూశాను. నున్నటి దిబ్బ మీద బాగానే ఉంది. అడవి బాటల్లో వరసగా వచ్చే ఇసుక గుంటల్లో మాత్రం పరువు పోయింది. ఒక గుంట నుంచి ఫోర్కు పైకి లేవకముందే రెండో గుంట వస్తుంది, నాలుగైదు గుంటలయ్యేసరికి ఫోర్కు మొత్తం నలిగి ఇనుప రాడ్డులా తయారవుతుంది. ఇక్కడ అక్టోబరు చలికి ఆయిల్ ఇంకా చిక్కబడుతుంది కూడా. మళ్లీ 10డబ్ల్యూకే వచ్చాను.

ఫోర్కు పైపుల్ని, వాటిని పట్టి ఉంచే క్లాంపుల్లోంచి పైకి జరిపితే బండి మూతి కిందికి దిగుతుంది, మలుపు చురుగ్గా తిరుగుతుంది. చెట్ల మధ్య ఇరుకు బాటకి అది హాయి. దిబ్బ మీద వేగంగా పోతుంటే మాత్రం హ్యాండిల్ అల్లాడుతుంది, మనకి టెన్షన్. కంపెనీ పెట్టిన ఎత్తులోనే ఉంచుకోమంటాను.

టైరు గాలి కూడా ఫోర్కు సెట్టింగ్‌లో భాగమే. ఈ బెలూన్ టైర్లకి రెండు మూడు పీఎస్ఐ చాలు. టైరు స్ప్రింగులా ఎగరేస్తుంది, ఆ ఎగరడాన్ని అణిచేది అందులో ఏదీ లేదు. ఫోర్కు గట్టిగా ఉందని టైరులో గాలి తగ్గించేవాళ్లు మలుపులో టైరు పక్కకి మడతపడటం చూస్తారు. మొదట టైరు గాలి సరిచేసి, తర్వాతే ఫోర్కు ముట్టుకోండి.

ఒకసారి పడ్డాక హ్యాండిల్ వంకరగా కనిపిస్తే ఫోర్కు వంగిందని కంగారు పడక్కర్లేదు. చాలాసార్లు క్లాంపుల్లో మెలితిరిగి ఉంటుంది. యాక్సిల్, కింది క్లాంపు బోల్టులు వదులు చేసి, చక్రాన్ని కాళ్ల మధ్య పట్టి నేరుగా తిప్పి, ఫోర్కును రెండు మూడుసార్లు నొక్కి, మాన్యువల్ చెప్పినంత బిగించాలి. కోన్‌సెట్ (హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగులు) కూడా అప్పుడే చూడండి. హ్యాండిల్ మధ్యలో గాడి పడ్డట్టు ఆగుతుంటే బేరింగులు పోయాయని అర్థం. అలాంటి బండికి ఎంత ఆయిల్ మార్చినా ఉపయోగం లేదు.

1988లో అమెరికా ప్రభుత్వంతో కంపెనీలు చేసుకున్న ఒప్పందంతో కొత్త ట్రైకుల అమ్మకం ఆగింది, 2008 చట్టం దిగుమతినీ మూసేసింది. కాబట్టి దొరికేవన్నీ పాతవే, విడిభాగాల్లో నాసిరకం బాగా తిరుగుతోంది. ఆన్‌లైన్‌లో చౌకగా కొన్న ఒక సీళ్ల సెట్టు రెండు వారాలకే కారింది, అమ్మినవాడు జవాబివ్వలేదు. ఇప్పుడు సీళ్లు మార్చేముందు పైపు మీద గోరు జరిపి చూస్తాను. తుప్పు గుంట గోటికి తగిలితే ఎంత మంచి సీలైనా కోసుకుపోతుంది. చిన్న గుంటైతే నూనె రాయితో అంచు నునుపు చేస్తే కొన్నాళ్లు నడుస్తుంది, ఎక్కువుంటే పైపే మార్చాలి.

నా బరువు 80 కిలోలు. అంతకన్నా బాగా తేలికైనవాళ్లు స్పేసర్లు వేయకుండా ఆయిల్ మట్టంతోనే మొదలుపెట్టండి. ఫోర్కు బ్రేస్ (రెండు ఫోర్కుల్ని కలిపి బిగించే పట్టీ) కొనాలా అని అడుగుతారు. అడవి బాటలో వేర్లు, రాళ్లు టైరు అంచుకి తగిలినప్పుడు హ్యాండిల్ తన్నడం కొంచెం తగ్గింది. ఇసుకలో మాత్రం దాని తేడా నాకు తెలియలేదు.