వనస్థలిపురంలో మా పెయింటింగ్ మేస్త్రీ: పని ఎలా చేశాడు, కూలి ఎలా కుదిరింది

ముందే చెప్పేస్తా, ఐదుకి నాలుగు. పని బాగుంది, మనిషి నిక్కచ్చి, ఫోన్ మాత్రం ఎత్తడు. ఒక మార్కు అక్కడే పోయింది.

మాది 2012లో కట్టిన డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటు, కాగితాల మీద 1150 ఎస్ఎఫ్‌టీ, అంటే చదరపు అడుగులు. లోపల మొత్తం రంగులు, తలుపులకీ కిటికీ గ్రిల్స్‌కీ ఎనామెల్, అంతే పని. బయటి గోడలు అసోసియేషన్ చూసుకుంటుంది కాబట్టి ఆ గొడవ మాకు లేదు. ముందు ఒక కంపెనీ సర్వీసు వాళ్లని పిలిచాం. కంపెనీ టీషర్టు వేసుకుని ఒక అబ్బాయి వచ్చాడు, లేజర్‌తో చకచకా కొలిచాడు, సాయంత్రానికల్లా మెయిల్ పెట్టాడు: లక్షా ముప్పై వేల పైచిలుకు, దాని మీద 18 శాతం జీఎస్‌టీ. మా ఆయన ఆ మెయిల్ చూసి ఈ ఏడాదికి గోడలు ఇలాగే బాగున్నాయన్నాడు.

తర్వాత పై అంతస్తు వాళ్లు ఈ మేస్త్రీ నంబర్ ఇచ్చారు. శ్రీకాకుళం నుంచి వచ్చి చాలా ఏళ్లుగా ఇక్కడే ఉంటున్నాడు, కంపెనీ గింపెనీ ఏమీ లేదు, తనూ ఇద్దరు కుర్రాళ్లూ, అంతే. ఇలా ఒంటరిగా పని చేసుకునేవాళ్ల ఏడాది రాబడి 20 లక్షలు దాటితే తప్ప జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, కాబట్టి కూలి మీద ఆ 18 శాతం ఉండదు. రంగు డబ్బాల మీద మాత్రం ఎవరు కొన్నా కట్టాల్సిందే. అదీ 2018 జూలై దాకా 28 శాతం ఉండేది, అప్పుడు రంగులేయించినవాళ్లు ఏమైపోయారో.

ఇక అసలు విషయం, బేరం. వచ్చి చెప్పులు బయట విడిచి, హాల్లో నిలబడి ఒకసారి పైకీ కిందకీ చూసి, "ఫ్లాటు ఎంత మేడం?" అన్నాడు. చెప్పాను. "ఇంటూ మూడున్నర. నాలుగు వేల ఇరవై అయిదు అడుగులు. లేబర్ ఒక్కటే అయితే అడుగుకి పదమూడు" అని ఫోన్‌లో లెక్క వేసి చూపించాడు, 52,325. మెటీరియల్ మనది. ఈ మూడున్నర లెక్క ఈయనొక్కడిదే కాదు, చాలామంది పెయింటర్లు నేల వైశాల్యాన్ని మూడుతోనో మూడున్నరతోనో గుణించేసి గోడలూ సీలింగూ కలిపి ఇంత అని చెప్పేస్తారు. పెద్ద తప్పేం కాదది. కానీ దేన్ని గుణిస్తున్నారన్న దగ్గరే అంతా ఉంది. 1150 అనేది బిల్డర్ అమ్మిన లెక్క, అందులో మెట్లు, లిఫ్టు, కారిడార్‌లో మన వాటా కూడా కలిసి ఉంటాయి. వాటికి నేనెందుకు రంగులేయిస్తాను? లోపల కాలు పెట్టి నడిచే జాగా మాకు 850 అడుగులే.

"అన్నా, రేటు సంగతి తర్వాత మాట్లాడదాం, ముందు టేపు తెస్తాను, ఇద్దరం కొలుద్దాం" అన్నాను. ఆయన ఏం ముఖం మాడ్చుకోలేదు, "కొలుద్దాం మేడం, మంచిదే" అన్నాడు. నాకు ఈయన మీద నమ్మకం కుదిరింది అక్కడే. కొలతకి ఒప్పుకోని మేస్త్రీ అయితే అక్కడికక్కడే టీ ఇచ్చి పంపించేసేదాన్ని.

లెక్క చాలా సులువు, ఎవరైనా చేసుకోవచ్చు. మా పెద్ద బెడ్‌రూమ్ 12 బై 11, ఎత్తు తొమ్మిదిన్నర. నాలుగు గోడల చుట్టుకొలత 46, దాన్ని తొమ్మిదిన్నరతో గుణిస్తే 437, సీలింగ్ 132, మొత్తం 569. ఇలా ఒక్కో గదీ నోట్‌బుక్‌లో రాసుకుంటూ పోయాం. తలుపులూ కిటికీలూ తీసేయాలా వద్దా అన్న దగ్గర కాసేపు వాదించుకున్నాం. నేను తీసేయాలన్నాను. ఆయనేమో "కిటికీ ఉన్న గోడకే మేడం ఎక్కువ టైం, చుట్టూ బ్రష్షుతో అంచులు కట్ చేయాలి, రోలర్ తిప్పేసి వెళ్లిపోయే గోడ కాదది" అన్నాడు. ఆ మాటా నిజమే. చివరికి మామూలు తలుపులు, కిటికీలు వదిలేశాం, బాల్కనీకి ఉన్న పెద్ద స్లైడింగ్ డోరు, వార్డ్‌రోబ్‌ల వెనకాల గోడ, వంటింట్లో టైల్స్ ఉన్న మేర మాత్రం తీసేశాం. లెక్క తేలింది 3,040 అడుగులకి. అంటే 850ని మూడున్నరతో గుణిస్తే వచ్చేదానికి కొంచెం ఎక్కువ, అంతే. పదమూడు చొప్పున 39,520. రేటులో ఒక్క రూపాయి తగ్గించమని అడగకుండానే పన్నెండు వేల పైన తగ్గింది, ఆయనకీ నష్టం లేదు, వేయని గోడకి డబ్బులు రాలేదు అంతే.

ఇక్కడ మా అత్తయ్య ఊరుకోలేదు. సోఫాలో కూర్చుని "పదికి అడుగు, పదికి అడుగు" అని ఒకటే సైగలు. ఆయన చూడనే చూశాడు, "పెద్దమ్మా, పదికి వచ్చేవాళ్లు ఉన్నారు, నేను రాలేను" అన్నాడు. ఆయన వెళ్లాక అత్తయ్యకి కాగితం మీద వేసి చూపించాను. ముగ్గురు మనుషులు, తలకి రోజుకి వెయ్యి, ఇంట్లో సామాను జరుపుకుంటూ చేసే పని పది రోజులు పడుతుందని ఆయన అంచనా. అంటే కూలికే ముప్పై వేలు. పది రూపాయల చొప్పున ఇస్తే వచ్చేది 30,400. మిగిలిన నాలుగొందల్లో ఆటో, రోలర్లు, బ్రష్షులు, ఎమరీ పేపర్, టేపు, మధ్యలో కరెంటు పోయి ఆగిపోయిన పూట, ఇవన్నీ సర్దుకోవాలి. ఎవరు సర్దుకుంటారు? మన గోడలోంచే సర్దుకుంటారు. ప్రైమర్ ఒక చోట వేసి ఒక చోట వేయరు, సీలింగ్‌కి రెండు కోట్లు అని చెప్పి ఒకటితో సరిపెడతారు, రంగులో నీళ్లు ఎక్కువ కలిపేస్తారు. వేసిన రోజు బాగానే కనిపిస్తుంది, ఏడాది తిరిగేసరికి తడిగుడ్డతో తుడిస్తే గుడ్డకి రంగు అంటుతుంది. అత్తయ్య కాగితం చూసి "అయితే టీలు మాత్రం మనం ఇవ్వం" అంది. ఇచ్చింది లెండి, రోజూ రెండుసార్లు, పైగా ఉల్లిపాయ పకోడీ కూడా.

రేటు మీద బేరం ఆడాలనుకుంటే గది మధ్యలో నిలబడి కాదు, క్యాలెండర్ చూసి ఆడాలి. మేము పిలిచింది ఆషాఢంలో. గృహప్రవేశాలు ఉండవు, కొత్త పనులు తక్కువ, వాళ్లకీ చేతిలో పని ఉంటే చాలనిపిస్తుంది. అదే పని దసరాకి ముందైతే పదిహేనుకి తగ్గనని ఆయనే చెప్పాడు. ఇబ్బంది ఏంటంటే వానాకాలం లప్పం (గోడకి పెట్టే పుట్టీ) ఆరడానికి టైం పడుతుంది, తొందరపెట్టకూడదు. లోపలి పని కాబట్టి ఫ్యాన్లు వేసి నెట్టుకొచ్చాం.

పని జాబితా రాసుకోవడం గురించి కూడా చెప్పాలి, సగం గొడవలు అక్కడే పుడతాయి. "రంగులేయాలి" అంటే వాళ్లకి ఒకటి, మనకి ఒకటి. మేము వాట్సాప్‌లో రాసుకున్నాం: పాత గోడ ఎమరీ కొట్టాలి, పగుళ్లూ పెచ్చులూ ఉన్నచోట మాత్రమే లప్పం, ఒక కోటు ప్రైమర్, రెండు కోట్లు ఎమల్షన్, తలుపులూ గ్రిల్స్ అన్నీ కలిపి 7,500, సామాను జరిపి కవర్లు కప్పడం వాళ్ల పని, పనయ్యాక నేల మీద చుక్కలు తుడవడం వాళ్ల పని. ఆయన కింద "ఓకే మేడం" అని పెట్టాడు. అంతే అగ్రిమెంటు. గోడ అంతా లప్పం రెండు కోట్లు కావాలంటే మాత్రం ఆ రేటు వేరు, దాన్ని దీంతో పోల్చి అన్యాయం అనుకోకండి.

బాత్రూమ్ వెనక గోడ దగ్గర ఒకటి జరిగింది. అక్కడ రంగు ఉబ్బి ఉంది. మేస్త్రీ వేలి కణుపులతో తట్టి చూసి, పుట్టీ బ్లేడు కొన పెట్టి ఇలా లేపగానే అరచేయంత పెచ్చు ఊడి చేతిలోకి వచ్చింది, వెనకాల సిమెంటు తడిగా నల్లగా ఉంది. "ఇది నేను వేయను మేడం. వేస్తే మూడు నెల్లకి మళ్లీ ఊడుతుంది, అప్పుడు మీరు నన్నే తిడతారు. ముందు ప్లంబర్‌ని పిలవండి" అన్నాడు. వేసేసి డబ్బులు తీసుకుని వెళ్లిపోవచ్చు కదా, వెళ్లలేదు. ప్లంబర్ వచ్చి జాయింట్ మార్చాక, అది బాగా ఆరాక, ఆ గోడ మొత్తం గీకి రెండు సార్లు లప్పం పెట్టడానికి 1,500 అదనంగా అడిగాడు. జాబితాలో లేని పని, ఇచ్చాను, దాని మీద బేరం ఆడలేదు. పని మొదలుపెట్టకముందే అడిగాడు, అది చాలు నాకు. పనంతా అయ్యాక "అది ఎక్స్‌ట్రా, ఇది ఎక్స్‌ట్రా" అని చిట్టా విప్పేవాళ్లతోనే టెన్షన్.

మెటీరియల్ నేనే వెళ్లి కొన్నాను, ఆయన్ని వెంటబెట్టుకుని. షాపువాళ్లు మేస్త్రీలకి కమీషన్ ఇస్తారన్నది అందరికీ తెలిసిందే, దాని మీద గుసగుసలెందుకని నేరుగానే అడిగాను. "బిల్లు మీరే కట్టండి, డబ్బాల్లో టోకెన్లు మాత్రం మాకు వదిలేయండి" అన్నాడు. తెలియనివాళ్ల కోసం చెప్తున్నా, రంగుల కంపెనీలు పెయింటర్ల కోసం డబ్బా లోపల టోకెన్ పెడతాయి, షాపులో ఇస్తే డబ్బులొస్తాయి, ఇప్పుడు కొన్నిటికి ఫోన్‌లో స్కాన్ చేసే కోడ్ వస్తోంది. అది పెయింటర్ కోసం పెట్టిందే, మనం తీసి దాచుకుంటే మనకి ఒరిగేదేమీ లేదు. ఇంకొకటి, మిషన్‌లో కలిపించిన రంగు అయితే మూత మీద షేడ్ కోడ్ ఉన్న స్టిక్కర్ ఉంటుంది, దాన్ని ఫోటో తీసుకోండి. రేపు మేకు కొట్టి పీకినప్పుడు ఆ ఒక్క చోటికి అదే రంగు కావాలంటే అదే దిక్కు.

గ్రిల్స్ ఎమరీ కొట్టేటప్పుడు మాత్రం నేను కొంచెం గట్టిగా మాట్లాడాల్సి వచ్చింది. ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90) దాటకూడదన్న రూల్ అమల్లోకి వచ్చింది 2017 నవంబరులో, మా గ్రిల్స్ మీదున్న ఎనామెల్ అంతకంటే పాతది. అందులో ఏముందో ఎవరికి తెలుసు. కుర్రాళ్లేమో ముక్కుకి కర్చీఫ్ కూడా లేకుండా దుమ్ములో కూర్చున్నారు. మాస్కులు కొనిచ్చి, పొడిగా కాకుండా తడిపి రుద్దమన్నాను. "ఏం కాదక్కా, అలవాటే" అన్నారు. అలవాటైతే ఊపిరితిత్తులు ఊరుకుంటాయా? కూలి న్యాయంగా ఇవ్వడం అంటే ఇదీ అందులో భాగమే నా లెక్కలో.

డబ్బులు ఇచ్చిన తీరు: మొదట్లో ఐదు వేలు, లప్పం ప్రైమర్ అయ్యాక పదిహేను వేలు, మొదటి కోటు అయ్యాక ఇంకో పదిహేను, మిగతాది చివర్లో, అందులో ఐదు వేలు టచప్‌లు అయ్యేదాకా నా దగ్గరే. శనివారం కుర్రాళ్లకి బట్వాడా ఉంటుంది కాబట్టి ఏ వాయిదా అయినా శనివారం మధ్యాహ్నం లోపే పంపాను. ఇది చిన్న విషయంలా ఉంటుంది గానీ, ఆదివారం పొద్దున పంపితే శనివారం రాత్రి ఆయన ఎవరి దగ్గరో అప్పు చేసి ఇచ్చి ఉంటాడు.

ఇక ఆ పోయిన మార్కు. మొదటి కోటు అయ్యాక ఉన్నట్టుండి మనిషి మాయం. ఫోన్ చేస్తే ఎత్తడు, మెసేజ్ చూస్తాడు, జవాబు ఉండదు. సోఫా హాలు మధ్యలో, టీవీ మంచం మీద, వంట ఒక మూల. తర్వాత తెలిసింది, హయత్‌నగర్‌లో ఇంకో పని ఒప్పుకుని అక్కడికి వెళ్లాడట. చేతిలో రెండు పనులు పెట్టుకోవడం వాళ్లకి తప్పదు, ఒకటి ఆగితే ఇంకొకటి ఉండాలి, అర్థం చేసుకోగలను. కానీ "రెండు రోజులు రాలేను మేడం" అని ఒక్క మాట చెప్పడానికి ఏం పోయింది? పని ఎంతయితే అంతకే డబ్బులు ఇచ్చి ఉన్నాం కాబట్టి ఆయనే తిరిగొచ్చాడు. మొత్తం ముందే ఇచ్చేసి ఉంటే దసరా దాకా ఆ సోఫా అక్కడే ఉండేది.

అది కాక రెండు గ్రిల్స్ మీద ఎనామెల్ కారి గడ్డకట్టింది, స్విచ్‌బోర్డుల మీద చుక్కలు. చివరి రోజు సాయంత్రం లైట్లన్నీ తీసేసి ఫోన్ టార్చ్‌ని గోడకి ఆనించి పక్కగా వేసి చూశాం, అలా చూస్తే ఎత్తుపల్లాలన్నీ నీడలు పడి బయటపడతాయి. పెన్సిల్‌తో సున్నాలు చుట్టాను. ఆయన విసుక్కోకుండా అన్నీ సరిచేశాడు, గ్రిల్స్ మళ్లీ రుద్ది వేశాడు, ఆ రోజే ఐదు వేలూ పంపించేశాను. కూలీ మెటీరియలూ అన్నీ కలిపి 84 వేల దగ్గర తేలింది.

నంబర్ ఇక్కడ పెట్టను, కావాల్సినవాళ్లు విడిగా అడిగితే ఆయన్ని అడిగి ఇస్తాను. ఫోన్ చేయకండి, వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టండి, రాత్రి తొమ్మిది తర్వాత వింటాడు.