వాహనంలో పడక బల్ల, దాని కింద రెండు సొరుగులు: ఎనిమిది నెలల వాడకం తరువాత

ఎనిమిది నెలల కిందట మా వాహనంలో వెనక రెండు వరుసల సీట్లు తీయించి, ఆ చోటులో ఇద్దరు పడుకోవడానికి వీలైన బల్ల, దాని కింద వెనక తలుపు వైపుకు తెరుచుకునే రెండు పొడవాటి సొరుగులు చేయించాము. ఇలాంటి పనులే చేసే ఒక చిన్న వర్క్‌షాపు ఈ పనిని ఒప్పుకుంది. ఆ తరువాత సుమారు నలభై రాత్రులు ఆ బల్ల మీదే నిద్రపోయాము కాబట్టి ఇప్పుడు రాస్తున్నది కొత్త మోజులో రాస్తున్నది కాదు. నా అభిప్రాయం ముందే చెబుతాను: వాళ్ల చెక్కపనికి నిండు మార్కులు వేస్తాను. సొరుగుల విషయంలో మొదట తప్పు చేశారు, తరువాత దాన్ని సక్రమంగా దిద్దుకున్నారు. చేయించుకోవాలనుకునేవారు మాత్రం పడక మెత్తదనం కన్నా సొరుగుల గురించే ఎక్కువ ప్రశ్నలు వేయాలి.

మొదటి రోజు మేస్త్రీ గారు టేపు తీయకముందే నన్ను డిక్కీలోకి ఎక్కి పడుకోమన్నారు. “కాగితం మీద కొలతలు తరువాత చూద్దాం సార్, ముందు కాళ్లు చాపుకొని పడుకోండి” అని, నా తల దగ్గరా పాదాల దగ్గరా సుద్దతో గీతలు గీశారు. ఆ తరువాత లేచి కూర్చోమని, నడినెత్తికీ పైకప్పుకూ మధ్య ఎంత ఖాళీ మిగిలిందో చూశారు. బల్లను ఒక సెంటీమీటరు ఎత్తు పెంచితే సొరుగులో చోటు పెరుగుతుంది, అంతే మేరకు తలపైన తగ్గుతుంది. పెద్దవాళ్లు నిటారుగా కూర్చోవాలంటే పరుపు మీది నుంచి దాదాపు 90 సెంటీమీటర్లు కావాలి. మా వాహనంలో నేల నుంచి పైకప్పుకు 1200 మిల్లీమీటర్లు ఉంది. బల్లకు 300, పరుపుకు 75 పోగా 825 మాత్రమే మిగులుతుంది. అంటే మెడ కొద్దిగా వంచి కూర్చోవాలి. వాళ్లు మొదట గీసిన పటంలో బల్ల ఎత్తు 360 ఉండేది. సుద్దగీతల పరీక్ష జరగకపోతే నేను దానికే సరేననేవాణ్ని, వర్షం పడే సాయంత్రాలన్నీ పడుకునే గడపవలసి వచ్చేది.

పడక మొత్తం పొడవు 1850 మిల్లీమీటర్లు. అందులో 1200 మాత్రమే స్థిరంగా ఉంటుంది. మిగిలిన 650 పియానో బందు (పలక అంచు పొడవునా సాగే సన్నని కీలు) మీద వెనక్కి మడుచుకుంటుంది. ప్రయాణంలో మడిచి ఉంచితే ముందు సీట్లు మామూలుగా వెనక్కి వాలుతాయి, రాత్రికి ఆ సీట్లను ముందుకు జరిపి పలకను విప్పి కింద మడతకాళ్లు నిలబెడితే సరిపోతుంది. ఈ పని చీకట్లో కూడా రెండు నిమిషాలకు మించి పట్టదు.

బల్లపై పలక దళసరి గురించి జరిగిన చర్చ నాకు చాలా నేర్పింది. నేను 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ కావాలని పట్టుబట్టాను. మేస్త్రీ గారు 15 చాలని, దానికి బదులు మధ్యలో ఒక నిలువు పలక తప్పనిసరిగా ఉండాలని అన్నారు. లెక్క ఆయన వైపే ఉంది. పలక దళసరి రెట్టింపైతే దాని బిగువు, అంటే వంగకుండా నిలిచే గుణం, ఎనిమిది రెట్లవుతుంది. అదే పలక కింద ఆధారాల మధ్య దూరాన్ని సగం చేస్తే, మధ్యలో మోకాలు మోపినప్పుడు వంగే వంపు ఎనిమిదో వంతుకు తగ్గిపోతుంది. అంటే రెండు సొరుగుల మధ్య ఎటూ ఉండవలసిన ఆ అడ్డుపలకే దళసరి రెట్టింపు చేసినంత మేలు చేస్తుంది, అంత బరువు మాత్రం మోపదు. బర్చ్ ప్లైవుడ్‌లో ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు గల 18 మిల్లీమీటర్ల షీటు ఒక్కటే దాదాపు 36 కిలోలు తూగుతుంది, 12 మిల్లీమీటర్లదైతే 24. ఇంట్లో మంచానికి ఈ తేడా లెక్కలోకి రాదు గానీ వాహనంలో ప్రతి కిలోనూ ప్రతి కిలోమీటరూ మోయాలి. ఎండీఎఫ్ (చెక్క నారను జిగురుతో నొక్కి చేసే పలక) వద్దని కూడా ఆయనే చెప్పారు: అది ప్లైవుడ్ కన్నా బరువు, తేమకు ఉబ్బుతుంది, అంచుల్లో దిగగొట్టిన స్క్రూ కుదుపులకు వదులైపోతుంది.

ఇక సొరుగుల దగ్గరకు వస్తాను. చక్రాల పైనుండే ఉబ్బు గూళ్ల మధ్య మా వాహనంలో 1050 మిల్లీమీటర్ల వెడల్పు దొరికింది. మూడు నిలువు పలకలు 15 చొప్పున 45 తీసుకోగా మిగిలిన 1005ను రెండు అరలుగా పంచితే ఒక్కో అర 502 వస్తుంది. సొరుగు జారడానికి పక్కన బిగించే, ఒకదానిలోంచి ఒకటి సాగే ఉక్కు పట్టాలను టెలిస్కోపిక్ ఛానెల్ అంటారు. అధిక బరువు మోసే రకానికి ఒక్కో పక్క 19 మిల్లీమీటర్ల ఖాళీ కావాలి, కాబట్టి సొరుగు పెట్టె వెలుపలి వెడల్పు 464 దగ్గర ఆగిపోతుంది. ఈ లెక్కలో ఎక్కడైనా రెండు మూడు మిల్లీమీటర్లు తప్పితే సొరుగు సగం దాకా వచ్చి బిగుసుకుంటుంది, లేదా ఛానెల్‌లోని బేరింగ్ గుళ్లు గరగరమంటూ అరుగుతాయి. వాహనం నేల గది నేలలా సమతలంగా ఉండదు. గట్లు, పల్లాలు, బోల్టుల తలలు ఉంటాయి. వీళ్లు ముందుగా 12 మిల్లీమీటర్ల అడుగు పలక పరిచి, దాని కింద రబ్బరు బద్దలు పెట్టి రసమట్టంతో సరిచూసి, చట్రం కర్ణాలు రెండూ సమానంగా వచ్చేదాకా కదిపి అప్పుడు బిగించారు. ఆ ఓపిక ఇప్పటికీ తెలుస్తోంది. 900 మిల్లీమీటర్ల పొడవున్న సొరుగు, నిండా సామాను ఉన్నా, ఒక వేలితో లాగితే చివరిదాకా వస్తుంది. ఒక్కో సొరుగులో సుమారు 75 లీటర్ల చోటు ఉంది.

అయితే మొదటిసారి అప్పగించినప్పుడు ఇలా లేదు. అప్పుడు బిగించినవి ఇంటి అల్మారాలకు వాడే సన్నపాటి ఛానెళ్లు. వాటి మీద 45 కిలోలని ముద్ర ఉంది. ఆ అంకె రెండు ఛానెళ్ల జతకు కలిపి ఇచ్చేది, అదీ నిశ్చలంగా ఉన్న అల్మారాలో. అన్నింటికన్నా ముఖ్యంగా, వాటికి తెరిచిన స్థితిలోనూ మూసిన స్థితిలోనూ పట్టి ఉంచే తాళం లేదు, సొరుగును ఆపేది ఒక చిన్న అయస్కాంతం మాత్రమే. రెండో ప్రయాణంలో, ముందు చక్రాలు పల్లంలోనూ వెనక చక్రాలు మెరకలోనూ ఉండేలా ఆపిన చోట, నేను కుడి సొరుగు పూర్తిగా లాగి లోపలి నుంచి దీపం తీస్తుండగా అది తన బరువుకు తానే లోపలికి జారి నా ముంజేతిని చట్రం అంచుకు నొక్కేసింది. ఎముకకు ఏమీ కాలేదు గానీ వారం రోజులు నల్లగా కమిలి ఉంది. మరోసారి ఎత్తు ఎక్కుతుంటే ఎడమ సొరుగు అయస్కాంతాన్ని వదిలించుకొని వచ్చి వెనక తలుపుకు ఢీకొంది. ఆ చప్పుడుకు నా భార్య ఉలిక్కిపడి బండి ఆపించింది. ఆ సమయంలో తలుపు తెరిచి దాని ముందు ఎవరైనా నిలబడి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ మనసు కుదుటపడదు.

ఫిర్యాదు చేసినప్పుడు వర్క్‌షాపు వాళ్లు వాదించలేదు. “ఇది మా పొరపాటే, బండి తీసుకురండి” అన్నారు. కొత్త ఛానెళ్లు రావడానికి మూడు వారాలు పట్టింది. అన్నాళ్లూ సొరుగులను బెల్టుతో కట్టి ఉంచవలసి వచ్చింది. ఇప్పుడున్నవి రెండు కొసల్లోనూ లాక్ పడే రకం. పూర్తిగా లాగినప్పుడు టక్కుమని పడుతుంది, పక్కనున్న మీట నొక్కితే తప్ప కదలదు. దానికి తోడు ముఖపలక మీద నొక్కి తిప్పే గడియ వేశారు. సొరుగుల వెడల్పు మారింది కనుక పెట్టెలు రెండూ తిరిగి చేయవలసి వచ్చింది, ఆ ఖర్చు వాళ్లే భరించారు. తప్పు చేయనివాళ్లు దొరకడం కష్టం గానీ, చేసిన తప్పును ఇలా దిద్దేవాళ్లను నేను మళ్లీ నమ్ముతాను.

బిగింపు విషయంలో మాత్రం మొదటి నుంచీ జాగ్రత్తగానే ఉన్నారు. కొందరు ఇలాంటి బల్లను నేల రేకులోకి స్క్రూలు దింపి వదిలేస్తారు. రేకు కింద ఇంధన ట్యాంకు, బ్రేకు గొట్టాలు, వైర్లు ఉంటాయి. పైగా ఆ పల్చని రేకు ఎంత బరువును ఆపగలదో లెక్క వేసి చూడాలి. గంటకు 50 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు దాదాపు 14 మీటర్లు. ఆ వేగంలో ఉన్న వాహనం దేన్నో ఢీకొని అర మీటరు దూరంలో ఆగిపోతే, లోపలి వస్తువులన్నీ తమ బరువుకు సుమారు ఇరవై రెట్ల బలంతో ముందుకు తోస్తాయి. మా బల్ల, ఖాళీ సొరుగులతో కలిపి 72 కిలోలు. సామాను మరో 80 అనుకుంటే 150 కిలోల సరుకు ముందు సీట్ల వీపు మీద మూడు టన్నుల తాకిడి అవుతుంది. తీసేసిన సీట్లకు తయారీదారు ఇచ్చిన బోల్టు రంధ్రాలు నేలలో దృఢపరచిన చోట్ల ఉంటాయి కాబట్టి వీళ్లు ఆ నాలుగింటికే ఉక్కు కోణాలతో, లోపల నైలాన్ వలయం ఉండి కుదుపులకు వదులుకాని నట్లతో చట్రాన్ని పట్టించారు. పక్క స్తంభాల్లో ఎక్కడా రంధ్రం వేయలేదు, అక్కడ కర్టెన్ ఎయిర్‌బ్యాగులు (ప్రమాదంలో పక్క కిటికీలను కప్పేలా ఉబ్బే సంచులు) ఉండవచ్చు. ఈ బిగింపు సొరుగులకు కూడా అవసరమే: నిండిన సొరుగు పూర్తిగా బయటికి వచ్చినప్పుడు దాని బరువు చట్రానికి అరమీటరు అవతల వేలాడుతుంది, నేలకు పట్టులేని చట్రమైతే ముందువైపు పైకి లేస్తుంది. అందుకే బరువైన వస్తువులను సొరుగు లోపలి కొసన పెట్టడం మాకు అలవాటైంది. దానివల్ల బరువు వెనక ఇరుసుకు దగ్గరగా కూడా ఉంటుంది.

సొరుగుల తరువాత నాకు కలిగిన పెద్ద అసంతృప్తి స్టెప్నీ గురించి. జాకీ, పానా ఉండే గూడు మా వాహనంలో నేలలోనే ఉంది, స్టెప్నీని కిందికి దించే మర తల కూడా అక్కడే ఉంది. అడుగు పలక దాన్ని పూర్తిగా కప్పేసింది. ఆ సంగతి వాళ్లూ చెప్పలేదు, నేనూ అడగలేదు. టైరు పంక్చరైన రోజున పరుపు తీసి, సామానంతా రోడ్డు పక్కన పేర్చి, సొరుగులు విడదీసి, బల్ల కింద బోర్లా పడుకొని అడుగు పలక మరలు ఒక్కొక్కటే విప్పేసరికి గంటా పదిహేను నిమిషాలు పట్టింది. చక్రం మార్చడానికి పట్టింది ఇరవై నిమిషాలు. ఆ తరువాత వాళ్లు అడుగు పలకలో మూత కోసి ఇచ్చారు, కుడి సొరుగు లాగితే ఇప్పుడు చేయి అందుతుంది. మీ వాహనంలో జాకీ, స్టెప్నీ, వెనక ఫ్యూజు పెట్టె ఎక్కడెక్కడ ఉన్నాయో పటం గీసే రోజే మేస్త్రీకి చూపించండి. వాహనానికి అనుమతించిన మొత్తం బరువులోంచి ఖాళీ బరువు తీసేసి, బల్ల, సామాను, నీళ్లు, మనుషులు కలిపి ఆ మిగులులో ఇమిడేలా చూడటం, సీట్లు తీయడానికి రిజిస్ట్రేషన్ నిబంధనలు ఒప్పుకుంటాయో కనుక్కోవడం కూడా ఆ రోజే చేయవలసిన పనులు.

పరుపు అడుగున తడి చేరడం ఇంకో విషయం. ఒక్కో మనిషి రాత్రంతా ఊపిరితో, చర్మంతో కొన్ని వందల మిల్లీలీటర్ల నీటిని ఆవిరిగా వదులుతాడు. అది చల్లని పలక మీద నీటిబొట్లవుతుంది. బల్లకు 35 మిల్లీమీటర్ల రంధ్రాలు వరుసగా వేయించి, కిటికీలు రెండు వేళ్ల సందు తెరిచి పడుకుంటున్నాక ఆ ఇబ్బంది పోయింది. పాలీయురెథేన్ పూత మూడు పొరలు వేశారు, ప్లైవుడ్ నీళ్లు పీల్చేది అంచుల నుంచే కనుక అంచులకు నాలుగో పొర కూడా వేశారు. వాసన పది రోజులు ఉంది. గతుకుల రోడ్డు మీద కిటకిటలు లేవు: పలకా పలకా తగిలే చోటల్లా ఫెల్టు అంటించారు, ఎనిమిది నెలలకు ఒక్క చోట మాత్రం అది ఊడితే నేనే మళ్లీ అంటించాను.

ఇప్పటికి మిగిలిన లోపం ఒక్కటే. ఎడమ సొరుగు ముఖపలకకూ పై బల్లకూ మధ్య సందు ఒక మూల 3 మిల్లీమీటర్లు, రెండో మూల 5 ఉంది. వాడకానికి అడ్డు కాదు గానీ వెనక తలుపు ఎత్తగానే కంటికి అదే ముందు కనబడుతుంది. వచ్చే నెల ఉచితంగా సరిచేస్తామన్నారు. ఆ రోజే నట్లన్నీ మరోసారి బిగించి చూడమని చెప్పాను.