కారు హెడ్‌రెస్టులకి స్క్రీన్లు: మూడేళ్ళు వాడాక

ఈ స్క్రీన్ల మీద కనిపించే బొమ్మ సంగతి ముందే చెప్పేస్తాను, బాగుంది. కొన్నప్పుడు ఎలా ఉందో ఇప్పుడూ దాదాపు అలాగే ఉంది. కొనేముందు వారం రోజులు నేను బుర్ర బద్దలు కొట్టుకున్నది మాత్రం ఆ బొమ్మ గురించే. తొమ్మిది అంగుళాలా, పదా, ఏ ఆండ్రాయిడ్, ఎంత ర్యామ్ అని. తీరా బిగించాక నన్ను ఏడిపించినవి కరెంటూ, సౌండూ.

మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. ఏడు సీట్ల కారు, ఇద్దరు పిల్లలు, మా అమ్మ. ఏడాదికి మూడు నాలుగు సార్లు హైదరాబాద్ వెళ్ళిరావాలి. 2022 దసరాకి ముందు పది అంగుళాల స్క్రీన్లు జత 16 వేలకి ఆన్‌లైన్లో తెప్పించాను. వైర్లకీ, ఫ్యూజులకీ, వైరు చివర బిగించే లగ్గులకీ ఇంకో ఆరేడు వందలు అయింది.

వీటిలో రెండు రకాలున్నాయి. మొదటిది, పాత హెడ్‌రెస్ట్ తీసేసి స్క్రీన్ లోపలే ఉన్న కొత్త దిండు పెట్టేది. చూడ్డానికి కంపెనీ నుంచే వచ్చినట్టు ఉంటుంది. నాకది నచ్చలేదు. వెనక నుంచి ఎవడైనా గుద్దితే మన మెడని కాపాడాల్సింది ఆ దిండే. దాన్ని ఎవరు, ఏ లెక్కన తయారు చేశారో తెలియకుండా మార్చడమేంటి అనిపించింది. రెండోది హెడ్‌రెస్ట్ కింది రెండు కడ్డీలకి క్లాంపు వేసి తగిలించేది. నేను తీసుకున్నది అదే. కొనేముందు కడ్డీ మందం, రెండు కడ్డీల మధ్య దూరం కొలుచుకోండి. కొలిచే సాధనం లేకపోతే కడ్డీ చుట్టూ దారం చుట్టి, ఆ పొడవుని 3.14తో భాగిస్తే మందం వచ్చేస్తుంది. కొన్ని చిన్న కార్లలో హెడ్‌రెస్ట్ సీటుతోనే కలిసిపోయి ఉంటుంది. వాటికి ఈ క్లాంపు పనికిరాదు.

క్లాంపు బిగించడం అరగంట పని. అసలు కథ వైరుది.

మొదట తేలిక దారే పట్టాను. సిగరెట్ లైటర్ సాకెట్లో రెండు పిన్నుల స్ప్లిటర్ పెట్టి వైర్లు వెనక్కి లాగాను. మా రోడ్ల సంగతి తెలిసిందే కదా, గుంటలో పడినప్పుడల్లా పిన్ను వదులై స్క్రీన్లు ఆగి మళ్ళీ మొదటి నుంచి లేచేవి. సినిమా మధ్యలో బొమ్మ పోతే పిల్లలు చేసే గోల వినాలి మీరు.

పక్క ఊళ్ళో వైరింగ్ చేసే ఆయన దగ్గరికి తీసుకెళ్ళాను. "దానికేం భాగ్యమండీ, బ్యాటరీ నుంచి డైరెక్ట్ ఇచ్చేద్దాం, ఇక గొడవుండదు" అన్నాడు. ఇచ్చేశాడు. గొడవ వారం తర్వాత వచ్చింది. కారు కదపకుండా ఏడు రోజులు షెడ్డులో ఉంది. ఎనిమిదో రోజు తెల్లవారుజామున మా వాళ్ళ పెళ్ళికి బయల్దేరితే బ్యాటరీ చచ్చిపోయి ఉంది. పట్టు పంచె కట్టుకుని కారు తొయ్యడం ఒక అనుభవం. తర్వాత మల్టీమీటర్ పెట్టి చూస్తే, ఆఫ్‌లో ఉన్నాయనుకున్న స్క్రీన్లు రెండూ కలిసి 0.15 ఆంపియర్లు తాగుతున్నాయి. అంటే రోజుకి 3.6 ఆంపియర్ అవర్లు, ఏడు రోజులకి పాతిక. నా బ్యాటరీ మొత్తం సామర్థ్యమే 35. తాళం తీసేసినా కరెంటు వస్తూనే ఉండే లైన్ మీద వీటిని ఎప్పుడూ పెట్టకండి.

మూడోసారి నేనే చేశాను. ముందు బ్యాటరీ నెగటివ్ తీసేశాను. ఫ్యూజ్ బాక్సులో తాళం తిప్పితేనే కరెంటొచ్చే గడి ఏదో మీటర్‌తో ముందే చూసిపెట్టుకున్నాను. ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్ (బ్రేకులది) గళ్ళ జోలికి పోకూడదు. ఆ గడిలో ఫ్యూజ్ ట్యాప్ (ఫ్యూజ్ గడి నుంచి ఇంకో వైరు తీసుకునే పిన్ను) గుచ్చి, 5 ఆంపియర్ల ఫ్యూజ్ వేశాను. నా స్క్రీన్ ఒక్కోటి నడుస్తున్నప్పుడు 1.2 ఆంపియర్ల దాకా తీసుకుంటుంది కాబట్టి ఆ ఫ్యూజ్ ధారాళంగా సరిపోతుంది. ఇంకా పెద్దది వేస్తే ఫ్యూజ్ కంటే ముందు వైరే కాలే ప్రమాదం ఉంది.

వైరుని డోర్ కింది ప్లాస్టిక్ పట్టీ లోంచి, కార్పెట్ కింద నుంచి సీటు దాకా తెచ్చాను. సీటు వీపులోంచి పైకి లాగడానికి ప్రత్యేకమైన తీగలు అమ్ముతారు. మన కోనసీమలో ఆ ఖర్చు దేనికి? కొబ్బరి చీపురులోంచి నాలుగు ఈనెలు తీసి, టేపు చుట్టి, చివర వైరు కట్టి పైనుంచి దించాను. రెండో ప్రయత్నానికే కింద తేలింది. మా అమ్మ చీపురు వదులైందని రెండు రోజులు సణిగింది.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. సీటు కింద పసుపు రంగు వైర్లు, కనెక్టర్లు కనిపిస్తే అవి ఎయిర్‌బ్యాగ్‌వి, ముట్టుకోకండి. సీటు పక్కన ఎయిర్‌బ్యాగ్ అన్న చీటీ ఉంటే ఈ ఈనెల విద్య అసలు వద్దు, వైరు సీటు లోపలికి పోకుండా బయటి నుంచే తిప్పుకోండి. నా సీట్లలో అది లేదు కాబట్టే చేశాను. రెండోది, సీటు ముందుకీ వెనక్కీ జరుగుతుంది కదా, కింద జానెడు వైరు వదులు ఉంచాలి. నేను మొదట ఉంచలేదు. ఓ రోజు మా ఆవిడ సీటు ముందుకి జరపగానే వైరు పట్టాలో నలిగి షార్టయింది. ఫ్యూజ్ పోయింది, కారు మిగిలింది. ఐదు రూపాయల ఫ్యూజ్ మీద అంత గౌరవం నాకు అంతకుముందు లేదు.

ఇక సౌండు. రెండు స్క్రీన్లు, ఇద్దరు పిల్లలు, రెండు సినిమాలు, ముందు నా పాటలు. ఐదు నిమిషాల్లో తలనొప్పి ఖాయం. ఒక స్క్రీన్ శబ్దాన్ని ఆక్స్ వైరుతో కారు స్పీకర్లకి ఇస్తే ఇంకో తలనొప్పి తగులుకుంది. యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ స్పీకర్లలో కుయ్యిమని మోత. అది స్క్రీన్‌కీ స్టీరియోకీ మధ్య ఎర్త్ తేడా వల్ల వచ్చేది. మధ్యలో గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ అని చిన్న డబ్బీ పెడితే పోయింది. చివరికి పిల్లలకి చెరో బ్లూటూత్ హెడ్‌ఫోన్, శబ్దం ఒక హద్దు దాటని రకం కొన్నాం. స్క్రీన్ల ధర చూసేటప్పుడే ఆ ఖర్చు కూడా కలుపుకోండి.

నెట్ మీద ఆశ పెట్టుకోకండి. చాలా ఓటీటీ యాప్‌లు సర్టిఫికెట్ లేని ఇలాంటి స్క్రీన్లకి హెచ్‌డీ ఇవ్వవు, డబ్బా మీద ఏం రాసి ఉన్నా సరే. నేను పెన్‌డ్రైవే వాడుతున్నాను. నా స్క్రీన్ ఎఫ్ఏటీ32 అనే పాత ఫార్మాట్‌లో ఉన్న పెన్‌డ్రైవ్ మాత్రమే చదువుతుంది, అందులో 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు. ఇది తెలియక ఒక రాత్రంతా పాడు చేసుకున్నాను.

మా చిన్నాడికి గట్టు రోడ్ల మీద స్క్రీన్ చూస్తే వాంతి. కళ్ళేమో ఒకేచోట ఉన్న స్క్రీన్ మీద, ఒళ్ళేమో కాలవ మలుపుల్లో ఊగుతూ. అందుకని రావులపాలెంలో హైవే ఎక్కేదాకా స్క్రీన్లు కట్టేసి ఉంటాయి. "హమ్మయ్య, అప్పటిదాకా కాలవ చూడండర్రా" అంటుంది మా అమ్మ. హైవే ఎక్కాక అందరికంటే ముందు స్క్రీన్ పెట్టమనేది ఆవిడే.

బెల్టు లేకపోతే బొమ్మ లేదు, ఇది ఇంకో రూలు. ఒకసారి గేదె అడ్డమొచ్చి బ్రేకు వేస్తే పెద్దదాని నుదురు స్క్రీన్ అంచుకి కొట్టుకుని బొప్పి కట్టింది. రాత్రిళ్ళు వెలుతురు బాగా తగ్గించాలి. లేకపోతే వెనకద్దంలో పడిన బొమ్మ డ్రైవర్ మిర్రర్‌లో కదులుతూ కళ్ళకి అడ్డం వస్తుంది.

ఎండకి మాత్రం ఇవి ఓడిపోయాయి. మే నెలలో రాజమండ్రిలో చెట్టు నీడ లేనిచోట మూడు గంటలు ఆపితే ఒక స్క్రీన్ నల్లబడింది, ఏసీ వేశాక పావుగంటకి తేరుకుంది. ఎడమ దాని టచ్ గ్లాసు ఒక మూల జిగురు వదిలింది. లోపల బ్యాటరీ ఉన్న రకమైతే ఆ వేడికి ఏమయ్యేదో, అది కొననందుకు ఆ రోజు సంతోషించాను. ఇప్పుడు కారు ఆపగానే రెండిటి మీదా పాత తువ్వాళ్ళు కప్పుతున్నాం.

ఇన్ని చెప్పి మళ్ళీ కొంటావా అంటే, కొంటాను. మొన్న సంక్రాంతి అయ్యాక మా చెల్లెలి వాళ్ళని దిగబెట్టడానికి హైదరాబాద్ వెళ్తే, విజయవాడ హైవే మీది పంతంగి టోల్ గేటు ముందు బండ్ల బారు చూడాలి. వెనక నలుగురు పిల్లలున్నా ఒక్కరూ "ఇంకా ఎంతసేపు" అనలేదు. కానీ తిరుగు ప్రయాణంలో ఎడమ స్క్రీన్ మిణుకుమిణుకుమంది. ఇంటికొచ్చి విప్పితే ఎర్త్ లగ్గు పచ్చగా చిలుము పట్టి ఉంది. వానాకాలంలో మా కార్పెట్ కింద తడి ఆరదు మరి. బోల్టు దగ్గర పెయింటు గీకి, కొత్త లగ్గు వేసి, పైన కాస్త గ్రీజు రాశాను. వెలిగింది. కుడి దానిది ఇంకా విప్పి చూడలేదు. ఈ ఆదివారం చెయ్యాలి.