దివిసీమకు ఏది మేలు: ఉప్పు ఆపే బ్యారేజీయా, కిందికి వదిలే నీరా?

ఆగస్టులో ప్రకాశం బ్యారేజీ గేట్లు ఎత్తగానే లక్షల క్యూసెక్కులు సముద్రం పాలవుతున్నాయని వార్తలు వస్తాయి. కృష్ణా నది సముద్రంలో కలిసే చోటున్న దివిసీమ కష్టం మొదలయ్యేది మాత్రం సంక్రాంతి దాటాక. అప్పటికి బ్యారేజీ కింద నది ఇసుకమేటలు తేలి ఉంటుంది. పోటు వచ్చినప్పుడల్లా ఉప్పునీరు ఎగువకు ఎగదన్నుకొస్తుంది. నాగాయలంక, కోడూరు వైపు బోరు నీళ్లు నోట పెట్టలేని ఊళ్లున్నాయి. దీనికి మూడు దారులు చెబుతున్నారు: తీరానికి గోడ, నదికి అడ్డంగా కింద మరో బ్యారేజీ, లేదా ఎండాకాలంలోనూ నదిలోకి కొంత నీరు.

గోడ సంగతి కాకినాడ దగ్గరి ఉప్పాడలో చూశాం. రాళ్లు పోశారు, జియోట్యూబులు (ఇసుక నింపిన పెద్ద గొట్టపు సంచులు) వేశారు. తుపాను వచ్చినప్పుడల్లా రోడ్డు కోసుకుపోతూనే ఉంది. అక్కడి కోతకు గోదావరి ఒండ్రు తగ్గడం ఒక్కటే కారణం కాదు, కాకినాడ రేవు కట్టడాల పాత్రా ఉంది. ఏదేమైనా గోడ ఉప్పునూ ఆపదు, ఇసుకనూ తేదు. దాన్ని పక్కన పెడదాం.

అసలు పోటీ మిగతా రెంటికే. ప్రకాశం బ్యారేజీకి దిగువన చోడవరం దగ్గర ఒకటి, ఇంకా దిగువన మరొకటి బ్యారేజీలు కట్టాలన్న ప్రతిపాదన ఉంది. రైతులు దాన్ని ఇష్టపడటంలో తప్పేమీ లేదు. నీరు కళ్లెదుట నిలుస్తుంది, భూగర్భజలం తియ్యగా మారుతుంది, పోటు అక్కడే ఆగుతుంది. అయితే కేరళలోని తన్నీర్‌ముక్కం బండ్‌నూ ఒకసారి చూడాలి. కుట్టనాడు వరికి ఉప్పు తగలకుండా 1970ల్లో కట్టారు. వరి దక్కింది. కానీ బండ్ వెనక నీరు కదలక గుర్రపుడెక్క అల్లుకుంది, ఉప్పునీటికీ మంచినీటికీ మధ్య తిరిగే చేపలు, రొయ్యలు తగ్గాయి. హంసలదీవి దగ్గర వలేసుకు బతికేవాళ్ల గురించి ప్రతిపాదనలో ఏముందో ముందు అడగాలి.

నాకు అంతకంటే పెద్ద అనుమానం ఒండ్రు మీద. 1960ల చివర్లో కృష్ణ ఏటా సుమారు 90 లక్షల టన్నుల ఒండ్రు డెల్టాకు తెచ్చేది. 2000-05 నాటికి అది 4 లక్షల టన్నులకు పడిపోయింది. మిగతాది ఎక్కడుందో వెతకనక్కర్లేదు. శ్రీశైలం నిల్వ సామర్థ్యం 308 టీఎంసీల నుంచి 215కి తగ్గింది. సాగర్‌ది 408 నుంచి 312కి. ఒండ్రు రాని తీరాన్ని సముద్రం కోసుకుపోతుంది. కింద ఇంకో అడ్డం వేస్తే, దిగివచ్చే కాస్తా దాని వెనకే మేట వేస్తుంది.

ఇక నీరు వదలడం. 500 క్యూసెక్కుల చొప్పున 150 రోజులు వదిలినా ఖర్చయ్యేది ఆరున్నర టీఎంసీలే. పూడికకు మనం వదులుకున్న చోటు ముందు ఇదెంత? కరవు ఏడాదిలో మాత్రం ఆ ఆరున్నరా ఎవరి పొలంలోంచి తీయాలన్నది నిజమైన తగాదా. 13 లక్షల ఎకరాల డెల్టా ఆయకట్టు అప్పటికే నీటికి ఎదురుచూస్తుంటుంది. పైగా నీరు వదిలినంత మాత్రాన ఇసుక రాదు. శ్రీశైలం గేట్ల అడుగుమట్టం సముద్రమట్టానికి 830 అడుగులు, నది అడుగుకు చాలా పైన. దాని మీదుగా దొర్లేది ఎక్కువగా పైనీరే. చైనాలో 1997లో దిగువన 226 రోజులు ఎండిపోయిన పసుపు నదికి ఆ తర్వాత నీటి వాటా కట్టారు. 2002 నుంచి ఆ నది మీదున్న ‘షియావ్‌లాంగ్‌ది’ అనే డ్యాం తూముల ద్వారా పూడికనూ కిందికి తోస్తున్నారు. ఆ డ్యాంను కట్టేటప్పుడే పూడిక వదిలే సొరంగాలు పెట్టుకున్నారు. మన పాత డ్యాములకు ఆ సదుపాయం ఆ స్థాయిలో లేదు.

అందుకే నా ఓటు ముందు నీటికి. నదికి నీటి వాటా ఎండాకాలానికి రాతపూర్వకంగా ఉండాలి, బ్యారేజీ దిగువన ఇసుక తవ్వకాలు ఆగాలి. ఇవి నాలుగైదేళ్లు నిలిచాక కూడా బోర్లు ఉప్పుగానే ఉంటే అప్పుడు బ్యారేజీ గురించి మాట్లాడుకోవచ్చు. కట్టాల్సివస్తే గేట్లు నది అడుగు దాకా దిగేలా ఉండాలి, వరదల్లో పూర్తిగా ఎత్తి ఉంచాలి, చేప ఎక్కే దారి డిజైన్‌లోనే పెట్టాలి.