ధనుర్మాసం చీటీల డబ్బా: క్లారినెట్ సాధనకి మూడేళ్లు వాడి చూశాక

క్రిస్మస్‌కి ముందు యూరప్, అమెరికా ఇళ్లలో 24 చిన్న తలుపులున్న అట్ట క్యాలెండర్ ఒకటి గోడకి తగిలిస్తారు. డిసెంబరు 1 నుంచి రోజుకో తలుపు తీస్తే లోపల చాక్లెట్ ఉంటుంది. చాక్లెట్ బదులు రోజుకో సాధన పని రాసి పిల్లల చేత తలుపులు తీయించే సంగీతం టీచర్లు అక్కడ ఉన్నారు. మనకి అట్ట తలుపులు కొనే పని లేదు. ధనుర్మాసంలో నెల పట్టిన రోజు నుంచి భోగి దాకా రోజుకో తిరుప్పావై పాశురం (ఆండాళ్ పద్యం), మొత్తం 30, వరుస తప్పకుండా ఎప్పుడో పేర్చి పెట్టారు. తిరుమలలో కూడా ఈ నెలంతా సుప్రభాతం బదులు తిరుప్పావైయే. పైగా కర్ణాటక సంగీత విద్వాంసుడు అరియక్కుడి రామానుజ అయ్యంగార్ 30 పాశురాలకీ విడివిడిగా రాగాలు కట్టారు కాబట్టి, రోజుకో రాగం చేతికొచ్చినట్టే. ఈ సమీక్ష ఆ వరుస మీద కట్టుకున్న చీటీల డబ్బా గురించి. మూడు ధనుర్మాసాలు వాడాం. మొదటి ఏడు సగంలో ఆగిపోయింది, మూడో ఏడు చివరిదాకా నడిచింది. మధ్యలో మార్చినవి ఏవో, ఎందుకు మార్చామో కింద ఉంది.

కావలసినవి: మూతున్న ప్లాస్టిక్ సీసా, 30 తెల్ల చీటీలు, 30 రంగు చీటీలు, అయిదు చింతగింజలు, ఫోన్‌లో తంబురా యాప్. తెల్ల చీటీలు సీసాలో వెయ్యకూడదు, తేదీ ప్రకారం దారానికి గుచ్చాలి. మొదటి ఏడు అన్నీ కలిపి సీసాలో వేస్తే రెండో రోజే కష్టమైన తోడి రాగం తగిలింది, అయిదో రోజుకి పెట్టె తెరవబుద్ధి కాలేదు. లాటరీ సరదా రంగు చీటీలకే ఉంచాలి.

తెల్ల చీటీ మీద మూడే విషయాలు రాయాలి: రాగం, ఆరోహణ అవరోహణలు, పాశురం మొదటి రెండు పాదాల స్వరం. పాశురానికి ఎనిమిది పాదాలుంటాయి. ఎనిమిదీ ఒక్కరోజులో పట్టాలనుకుంటే ఏదీ రాదు. రెండు పాదాలు శుభ్రంగా వస్తే ఆ రోజు పని అయినట్టే.

రంగు చీటీల లెక్క మూడో ఏటికి ఇలా కుదిరింది: నాలుక, ఊపిరి కసరత్తులు 12, పండగ సరదావి 8, వినికిడివి 5, వాయిద్యం శుభ్రానికి 3, సెలవు 2. సెలవు చీటీలు రెండే అయినా డబ్బాకి ప్రాణం అవే. అవి ఎప్పుడు తగులుతాయోనని పిల్లలు సీసా దగ్గరికి వాళ్లంతట వాళ్లే వస్తారు. వినికిడి చీటీ అంటే పది నిమిషాలు ఏ.కె.సి. నటరాజన్ క్లారినెట్ పెట్టుకుని, ఆయన ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి ఎలా జారుతున్నారో అది మాత్రమే వినడం.

రోజుకి 20 నిమిషాలు చాలు. దీర్ఘస్వరాలు 4, రాగం పైకీ కిందకీ 5, పాశురం 8, రంగు చీటీ 3.

ఇక అసలు విషయం శ్రుతి. బి ఫ్లాట్ క్లారినెట్‌ వేళ్ల లెక్కకి, అంటే వేళ్లు మూసే తీరుకి పుస్తకంలో ఉండే స్వరం పేరుకి, ఒక స్వరం కింద పలుకుతుంది. తంబురా ఒకటో శ్రుతిలో, అంటే సి లో, పెడితే మన షడ్జమం (స) వేళ్ల లెక్కలో డి అవుతుంది. గాత్రం వాళ్లకి అలవాటని చాలామంది అదే పెట్టేస్తారు. అక్కడే కష్టం మొదలవుతుంది. మోహనం తీసుకోండి. పంచమం వేళ్ల లెక్కలో ఎ, అంటే ఒక్క మీట నొక్కితే పలికే గొంతు స్వరం (కింది స్థాయి చివర, రంధ్రాలు తెరిచి పలికించేది). ఆ పక్కనే ఉన్న ధైవతం బి. దానికి బొటనవేలుతో రిజిస్టర్ మీట (పై స్థాయికి ఎక్కించేది), మిగతా వేళ్లన్నీ రంధ్రాల మీద, చిటికెన వేలు కూడా. ఒక్క వేలు నుంచి ఒక్కసారిగా రెండు చేతులకి దూకాలన్నమాట. పంచమం తర్వాత చిన్న ఖాళీ వచ్చి, ధైవతం కీచుమంటే కారణం ఇదే, రీడ్ తప్పు కాదు.

తంబురాని నాలుగో శ్రుతికి, అంటే ఎఫ్ కి, మార్చండి. షడ్జమం కింది జి లో పడుతుంది, బొటనవేలు, ఆరు వేళ్లు మూసి. పై షడ్జమం అన్నీ తెరిచిన జి. మధ్యలో ఉన్న స్థాయి అంతా గెంతు లేకుండా వెళ్లిపోతుంది. తారస్థాయి రిషభం కూడా ఇవతలే, అంతర గాంధారం దగ్గరే ఆ గెంతు తగులుతుంది. దీనికి చెల్లించే ధర ఒకటుంది. షడ్జమం కింద చతుశ్రుతి ధైవతం దాకే వాయిద్యం ఉంది, మంద్ర పంచమం లేదు. స్వరం అంత కిందకి దిగే చోట్ల షడ్జమాన్ని సి కి, అంటే ఆరున్నర శ్రుతికి ఎత్తుకోవాలి, లేదా ఆ ఒక్క ముక్కని పై స్థాయిలో వాయించాలి. రెండోది చెవికి అతుకులా వినిపిస్తుంది, అయినా మొదటి ఏడాదికి పరవాలేదు.

మొదటి అయిదు రోజులు ఘనరాగ పంచకం: నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ. గాయకులకి ఇది రాచబాట. క్లారినెట్ వేళ్లకి మాత్రం మొదటి రోజే మెలిక పడుతుంది. నాటలో రిషభం వేళ్ల లెక్కలో బి ఫ్లాట్, దానికి కుడి చూపుడు వేలు. గాంధారం బి, దానికి కుడి మధ్యవేలు ఒక్కటే. రి నుంచి గ కి వెళ్లేటప్పుడు చూపుడు వేలు లేస్తూ ఉండగానే మధ్యవేలు పడాలి. ముందే లేస్తే మధ్యమం తొంగిచూస్తుంది, ఆలస్యంగా లేస్తే రెండు వేళ్లూ కలిసి చతుశ్రుతి రిషభం పలుకుతుంది, నాటలో దానికి చోటే లేదు. ఎంత చేసినా కుదరకపోతే చూపుడు వేలు తీయకండి. మధ్యవేలు రంధ్రానికీ ఉంగరం వేలు రంధ్రానికీ నడుమ సన్నటి మీట ఒకటుంటుంది. చూపుడు వేలు మూసే ఉంచి, ఉంగరం వేలితో దాన్ని నొక్కితే అదే గాంధారం వస్తుంది. ఏడాది నేర్చుకున్నవాళ్లలో కూడా ఆ మీట ఎందుకుందో తెలియనివాళ్లు కనిపిస్తారు. డబ్బా మొత్తంలో బాగా పనికొచ్చిన చీటీ ఏదంటే ఈ మొదటిదే.

గౌళలో శుద్ధ రిషభం కోసం కుడి చిటికెన వేలు మీట మీద బిర్రబిగుసుకుంటుంది, పక్కన ఉంగరం వేలు రంధ్రం మీంచి వెంట్రుకవాసి లేస్తుంది, స్వరం చీలుతుంది. అద్దం ముందు నిలబడి ఆ ఒక్క వేలినే చూస్తూ నాలుగుసార్లు వాయిస్తే తెలిసిపోతుంది. ఆరభికి చెప్పుకోదగ్గ ఇబ్బంది లేదు.

నాలుగో రోజు వరాళి. గురువు శిష్యుడికి నేరుగా చెబితే ఇద్దరికీ పొసగదని ఈ రాగం మీద ఒక నమ్మకం ఉంది. వేళ్ల సంగతి చూస్తే ఆ తగువు క్లారినెట్ దగ్గరే పుట్టిందేమో అనిపిస్తుంది. ప్రతి మధ్యమానికి కుడి వేళ్లన్నీ లేచి ఎడమ చిటికెన వేలు మీట మీద పడాలి, శుద్ధ రిషభానికి మళ్లీ కుడి చిటికెన వేలు. రెండో ఏడు దీన్ని పూర్తి పనిగా పెడితే ముగ్గురిలో ఇద్దరు ఆ రోజే మానేశారు. మూడో ఏడు చీటీ మీద "గ మ ప, ప మ గ, పదిసార్లు, అంతే" అని మాత్రమే రాశాం. పదో రోజు తోడికి కూడా అదే నియమం. గాంధారం గమకం ఒక్కటే. వేలిని ఎత్తకుండా రంధ్రం అంచు మీదుగా పక్కకి జరపాలి. వేలికొనతో కాక మెత్తటి భాగంతో మూసే అలవాటు ఉంటేనే అది వస్తుంది. కింది స్థాయిలో దవడ వదిలి స్వరం వంచుదామంటే పెద్దగా వంగదు, పై స్థాయిలో కాస్త నయం.

చింతగింజల పని చిన్నదే. ముక్క తప్పు లేకుండా వస్తే ఒక గింజ ఎడమ నుంచి కుడికి జరపాలి. అయిదూ జరిగితే ముక్క అయిపోయినట్టు. తప్పు పోతే అన్నీ వెనక్కి అని మొదట పెట్టుకున్నాం. నాలుగు గింజలు జరిపి అయిదోదానికి తప్పు పోయిన పిల్లాడు క్లారినెట్ మంచం మీద పడేశాడు. ఇప్పుడు తప్పుకి ఒక్క గింజే వెనక్కి. తప్పు అంటే ఏమిటో కూడా ముందే అనుకోవాలి: స్వరం తప్పడం, కీచుమనడం. ఊపిరి చాలకపోవడం తప్పు కింద లెక్క వెయ్యం.

సరదా చీటీల్లో బాగా నచ్చింది గంగిరెద్దు చీటీ. వాకిట్లో సన్నాయి వాడు ఏ పాట అడిగితే ఆ పాట ఎత్తుకుంటాడు కదా, అలాగే ఇంట్లోవాళ్లు ఒక సినిమా పాట పేరు చెప్పాలి, స్వరం చూడకుండా మూడు నిమిషాల్లో పల్లవి దొరకబుచ్చుకోవాలి. దొరక్కపోయినా బసవన్న తల ఊపుతాడు. హరిదాసు చీటీ ఇంకోటి: ఒకే ఊపిరిలో ఒకే స్వరం పట్టుకుని గది చుట్టూ నడవడం, స్వరం వణక్కుండా. నడుస్తూ పట్టినప్పుడు పొట్ట ఊతం లేనివాళ్లు దొరికిపోతారు. 27వ రోజు పాశురం కూడారై. ఆ రోజు తెల్ల చీటీ మీద రాగంతో పాటు చక్కెర పొంగలి అని కూడా రాసి ఉంటుంది. వాయించాకే తినాలి. తిని ఊదితే తీపి ఎంగిలి ప్యాడ్లకి పట్టి, మీటలు అతుక్కుని చిటచిటలాడతాయి.

తెల్లవారుజామున చెయ్యాలన్న సంకల్పం మంచిదే, కానీ ఆ వేళకి ఈ వాయిద్యం పనికిరాదు. ఒకటి ఇరుగుపొరుగు. క్లారినెట్ శబ్దం కింది చివర వెడల్పుగా ఉండే గంటలోంచే కాదు, తెరిచి ఉన్న ప్రతి రంధ్రంలోంచీ వస్తుంది, కాబట్టి గంటలో గుడ్డ కుక్కితే తగ్గేదేమీ లేదు. రెండోది చలి. చల్లగాలిలో ధ్వని నెమ్మదిస్తుంది, శ్రుతి దిగుతుంది. పొద్దున్నే తీస్తే 20 సెంట్ల దాకా (అర స్వరంలో అయిదో వంతు) కిందే పలుకుతుంది. బ్యారెల్ (ఊదే ముక్క కింద ఉండే చిన్న గొట్టం) పూర్తిగా లోపలికి నెట్టి తంబురాతో కలిపితే, పది నిమిషాల తర్వాత వాయిద్యం వేడెక్కి పైకి పోతుంది, అప్పుడు మిల్లీమీటరు బయటికి లాగాలి. కలపడానికి ముందు పై ముక్కని ఒళ్లో, శాలువా కింద అయిదు నిమిషాలు ఉంచడం మేలు. చెక్క క్లారినెట్ అయితే ఇది తప్పనిసరి. బయట చల్లగా ఉండగానే లోపల వేడి ఊపిరి తగిలితే పై ముక్క పగుళ్లిస్తుంది. తెలంగాణలో డిసెంబరు పొడిగాలికి ఆ భయం ఎక్కువ. కోస్తా వైపు పగుళ్లు తక్కువే గానీ రంధ్రాల్లో నీళ్లు చేరి గురగురమంటుంది. అప్పుడు ఆ ప్యాడ్ కింద పల్చటి కాగితం పెట్టి, మీట నొక్కి వదిలి, చెమ్మ తీసెయ్యాలి. లాగకూడదు, ప్యాడ్ పొర చిరుగుతుంది. అందుకే మూడో ఏడు సాధన సాయంత్రం ఆరుకి మార్చాం, పొద్దున్న మాత్రం ఊదకుండా వేళ్లు ఆడించడమే.

రీడ్లు రెండున్నర నంబరువి మూడు సరిపోయాయి. పెన్సిల్‌తో 1, 2, 3 రాసి రోజుకొకటి వంతున వాడాలి. ఒక్కదాన్నే నెలంతా వాడితే 15వ రోజుకి చచ్చుబడి, తప్పు మనదేమో అనిపిస్తుంది. పొడి చలికి రీడ్ కొన అలలుగా లేస్తే రెండు నిమిషాలు తడిపి, అద్దం ముక్క మీద వేలితో అదిమితే సర్దుకుంటుంది.

ఎవరికి వద్దో చెప్పాలి. ఆరు నెలల లోపు నేర్చుకుంటున్నవాళ్లకి రోజుకో కొత్త రాగం దండగ, ఒక రాగం వారం పట్టుకోవాలి. బ్యాండు మేళంలో వాయించేవాళ్లకి సంక్రాంతి దాకా ముహూర్తాలుండవు కాబట్టి ఈ నెల తీరిక దొరుకుతుంది, వాళ్లకి రెండు పాదాల బదులు పాశురం మొత్తం పెట్టుకున్నా ఇబ్బంది లేదు. తప్పిపోయిన రోజు చీటీ మర్నాటికి తేకూడదు. రెండు చీటీలు ఒకే రోజు చేద్దామనుకున్న ప్రతిసారీ మూడో రోజు కూడా పోయింది.

కొన్నేళ్లు ధనుర్మాసం 29 రోజులకే అయిపోతుంది, అప్పుడు చివరి రెండు పాశురాల రాగాలు మధ్యమావతి, సురటి రెండూ చివరి రోజే వస్తాయి. మధ్యమావతి నాలుగో శ్రుతిలో వేళ్లకి అన్నిటికంటే తేలిక, కాబట్టి బరువనిపించదు. భోగి పొద్దున్న అయిపోయిన చీటీలు పిడకల దండతో పాటు మంటలో వేస్తారు పిల్లలు. వాయించకుండా మిగిలినవి మాత్రం మళ్లీ దారానికే. మూడో ఏడు మిగిలినవి నాలుగు, అందులో ఒకటి వరాళి.